ఉతకని అంగీ

"ఆ, తర్వాత?" అన్నాడాయన, నోటుబుక్కులోంచి తల ఎత్తకుండా.

తర్వాత ఏముంది, ఉల్లిపాయలు మాడుతున్నాయి. మంట తగ్గించాలి, అటు కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో గుర్తుంచుకోవాలి, ఇటు రెక్కల గుర్రం కోటగోడ మీద వాలిందని చెప్పాలి. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఆ వంటింట్లో జరిగేది ఇదే. ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. ఆయన గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. ఆమె చదివిన పుస్తకం చెబుతుంది, ఆయన రాసుకుంటాడు. ఆ ఇంట్లో దీని పేరు అప్పజెప్పడం. పేరు పెట్టింది అత్తగారు. "అమ్మాయ్, వాడికి అప్పజెప్పడం అయిందా? అయితే ఇలా వచ్చి నాకు అప్పజెప్పు" అని హాల్లోంచి పిలుస్తుంది, బళ్లో పంతులమ్మలా.

ఆయన ఆదివారం పేపర్లో ఫాంటసీ నవలల మీదా టీవీ సీరియళ్ల మీదా కాలమ్ రాస్తాడు. ఊరందరికీ విమర్శకుడు గారు. రాజులూ మంత్రగత్తెలూ మాట్లాడే తోడేళ్లూ ఉండే ఆ నవలలు ఒక్కోటీ ఇటుకంత ఉంటాయి, పైగా ఒక్కోదానికి వెనక నాలుగేసి సంపుటాల తోక. విమర్శకుడు గారికి రెండో పేజీ తిప్పేసరికి ఆవలింత. పదకొండేళ్ల కిందట ఆయన కంటికి ఆపరేషన్ అయినప్పుడు, పాపం కదా అని ఆమె ఒక పుస్తకం చదివి కథ చెప్పింది. కన్ను నెల్లాళ్లకి బాగుపడింది. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆమె ఒక పెద్ద హోటల్లో దుప్పట్ల గదిలో పని చేస్తుంది. రెండు వందల గదుల దుప్పట్లూ, గలీబులూ, తువ్వాళ్లూ రోజూ ఆ గదిలోకి మాసి వచ్చి మడతలై వెళతాయి. వెళ్లేటప్పుడు బస్సులో చదువుతుంది, భోజనం దగ్గర చదువుతుంది, ఆరబెట్టే మిషన్ తిరుగుతున్నంతసేపూ గోడకి ఆనుకుని చదువుతుంది. చదివింది మడతలు పెడుతూ తోటివాళ్లకి చెబుతుంది. అందుకే అక్కడ ఆమెని కథలక్క అంటారు. మనమూ అలాగే పిలుద్దాం, ఇంట్లో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎలాగూ లేరు.

కథలక్కకి ఆ నవలలంటే ప్రాణం, ఆ నవలలంటేనే మంట. ఏడు రోజులు సైన్యం నడిచింది అంటాడు రచయిత. సరే, నడిచింది. ఆ ఏడు రోజులూ వండిందెవరు? యువరాణి నెల్లాళ్లు గుహలో పడుకుంటుంది, లేచి వచ్చేసరికి జుట్టు పట్టుకుచ్చులా ఉంటుంది. తలకి నూనె ఎవరు పెట్టారమ్మా, తోడేలా? సీరియళ్లు సరేసరి. కోడలు నిద్రలో కూడా నగలు తియ్యదు, వంటిల్లు హాలంత ఉంటుంది కానీ పొయ్యి మీద ఒక్క మరక ఉండదు. అత్త నలభై ఎపిసోడ్లు కుట్రలు పన్నుతూ కూర్చుంటే ఆ పూటకి కూరలు ఎవరు తరిగారో ఒక్కడూ చెప్పడు. ఇవన్నీ ఆమె విమర్శ అనుకుని అన్న మాటలు కావు. గిన్నెలు తోముతూ, చిరాకేసి అన్నవి. ఆదివారం పేపర్ తెరిస్తే ఆ చిరాకంతా ఆయన ఫొటో కింద అందంగా పరుచుకుని ఉండేది. ఈ అయిదు వందల పేజీల్లో ఒక్క గిన్నె అయినా తోమబడిందా అని అడిగే ధైర్యం మనకుందా, అని రాసేవాడు. "తోమబడిందా" అట. ఆయన జన్మలో ఒక గిన్నె తోమిన పాపాన పోలేదు.

స్త్రీ శ్రమని ఇంత సున్నితంగా గమనించిన మగవాణ్ణి నేను చూడలేదు అని ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్ని ఆయన కుర్చీలో వెనక్కి వాలి పైకి చదివి వినిపించాడు. కథలక్క అప్పుడు ఇల్లు ఊడుస్తోంది. "కాళ్లు కాస్త ఎత్తండి" అంది. ఆయన చదవడం ఆపకుండానే కాళ్లు ఎత్తాడు, ఆమె ఊడ్చుకుంది, ఆయన కాళ్లు దించాడు, టీ అడిగాడు.

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. ఒకసారి ఉండబట్టలేక అడిగింది, నా పేరు కూడా ఓ మూల వెయ్యకూడదా అని. ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. చిన్నపిల్లకి లెక్క చెప్పినంత ఓపికగా చెప్పాడు.

"చూడు, నువ్వనేవి అభిప్రాయాలు కావు, గొణుగుడు. ఆ గొణుగుడుని అభిప్రాయం చేసేది నేను."

మొగుడి పేరు పేపర్లో పడితే నీ పేరు పడ్డట్టు కాదూ, అని అత్తగారు అందుకుంది. అత్తగారికి మధ్యాహ్నం సీరియల్ చూస్తూ సరిగ్గా అసలు ఘట్టం దగ్గర కునుకు పడుతుంది. సాయంత్రం మళ్లీ వేసినప్పుడు కోడలు బట్టలు మడతపెడుతూ చూసి ఆవిడకి అప్పజెప్పాలి. ఆవిడ ఎప్పుడూ సీరియల్లో అత్త పక్షమే. "పాపం ఆవిడేం చేసిందనీ, కాస్త విషమేగా కలిపింది" అంటుంది. ఇలా రోజుకి రెండు అప్పజెప్పడాలు, మధ్యలో వంట. నీకేం, కథలు చదువుకుంటూ గడిచిపోయే జన్మ అని మళ్లీ వాళ్లే అంటారు. అప్పుడు అరికాలి మంట నెత్తికెక్కేది.

సరే, అసలు సంగతికొస్తాను. అయిదు సంపుటాల నవల ఒకటుంది. మొదటి సంపుటంలో రాజు సొంత అన్నని చంపి, నెత్తుటి మరకల అంగీని ఒక ముసలామె చేతికిస్తాడు, తెల్లారేసరికి ఉతికి తెమ్మని. రచయిత ఆ ముసలామెకి ఇచ్చింది అరపేజీ. ఆ అరపేజీ చదివి కథలక్క బస్సులో నిటారుగా కూర్చుంది. ఇన్నేళ్లకి ఆ రాజ్యాల్లో ఆమెకి తెలిసిన మనిషి ఒకరు కనబడ్డారు. ముసలామె మళ్లీ వస్తుందని నాలుగు సంపుటాలు ఎదురుచూసింది. రాలేదు. అయిదో దాని చివర రాజు యుద్ధంలో వీరమరణం పొందాడు, అతని మీద పాటలు కట్టారు, అయిపోయింది. ఏడువందల పన్నెండు పేజీలు. కథలక్కకి ఎంత కోపం వచ్చిందంటే దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మర్నాడు దుప్పట్ల గదిలో ఆ కోపం వెళ్లగక్కింది. నేనైతే ఇలా రాసేదాన్ని అని చెప్పింది. ముసలామె ఆ అంగీ అసలు ఉతకనే లేదు. అలాంటిదే ఇంకోటి కుట్టి రాజుకిచ్చింది. అసలుదాన్ని మడతపెట్టి ఇరవై ఏళ్లు దాచింది. రాజు నిండు సభలో న్యాయం గురించి మాట్లాడుతుంటే ఆ మూట పట్టుకొచ్చి సభ మధ్యలో పరిచి, "ఈ మరక పోవడం లేదు మహారాజా, ఏం పెట్టి ఉతకమంటారో చెప్పండి" అంది. గదిలో మడతలు ఆగిపోయాయి. ఇస్త్రీ చేసే వదిన అయితే ఇంకోసారి చెప్పమంది. ఆ వారంలో మూడుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కథ ఇంకాస్త గట్టిపడింది.

ఇక ఆయనకి అప్పజెప్పాల్సిన రోజు ఎలా వచ్చిందంటే, అన్నీ కలిసి వచ్చాయి. హోటల్లో ఇద్దరు రాక ఆమె రెండు షిఫ్టులు చేసింది. కాళ్లు లాగేస్తున్నాయి. అత్తగారు హాల్లోంచి సీరియల్లో కోడలు దొరికిందా లేదా అని అడుగుతోంది. ఆయనకి మధ్యలో రెండుసార్లు ఫోనొచ్చింది. రెండోసారి తిరిగొచ్చి కూర్చుని, "ఆ, చివరికి ఏమైంది?" అన్నాడు. నాలుక చివర ఉన్నది చెప్పేసింది. సభ, మూట, మరక, అన్నీ. ఆయన మొదటిసారి రాయడం ఆపి తల ఎత్తాడు. "అబ్బ" అన్నాడు. పదకొండేళ్లలో ఆ ఒక్క అబ్బ. ఆమెకి ఒళ్లంతా వెచ్చబడింది.

గిన్నెలు తోముతుంటే తట్టింది, అది పుస్తకంలో లేదని. తడి చేతుల్తోనే పరుగెత్తింది. ఆయన ఫోన్లో లైబ్రరీ కార్యదర్శితో మాట్లాడుతూ చెయ్యి ఊపాడు, తర్వాత అని. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. లైబ్రరీలో సభ, ఆయనే ముఖ్య వక్త, విషయం ఫాంటసీ కథల్లో స్త్రీ శ్రమ. సభ రోజు ఆయన అద్దం ముందు ప్రసంగం చెప్పుకుంటున్నాడు. ఆమె పక్కన ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ప్రసంగమంతా ఆ ముసలామె చుట్టూనే కట్టాడు. "ఏవండీ, ఆ చివరి సీను ఉంది చూశారూ, అది…" అని మొదలుపెట్టింది. "చూశాను, బ్రహ్మాండంగా ఉంది, నువ్వు మళ్లీ చెప్పి పాడుచెయ్యకు" అన్నాడు. "కాదండీ, అది పుస్తకంలో…" అంది. కాలర్ మీద ముడత పోలేదు చూడు అన్నాడు. ఆమె చూసింది. ఇంక చెప్పలేదు. రెండుసార్లు తలుపు తట్టాక మూడోసారి తట్టడానికి ఆమెకి ఓపిక లేకపోయింది.

లైబ్రరీ హాల్లో అరవై కుర్చీలు, అన్నీ నిండాయి. ఆమె మూడో వరసలో కూర్చుంది. ఆయన బాగా మాట్లాడతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ముసలామె అంగీ పరిచిన చోటికి వచ్చేసరికి హాలంతా ముందుకి వంగింది. ఆ తర్వాత చప్పట్లు. తన మాటలకి తన చెవులతో చప్పట్లు వినడం ఎలా ఉంటుందో కథలక్కకి అప్పటిదాకా తెలియదు. ఏడుపొచ్చింది, తమాయించుకుంది.

ముందు వరసలో ఒక కాలేజీ అమ్మాయి లేచింది. చేతిలో అయిదో సంపుటం, దాని నిండా కాగితం ముక్కలు గుర్తులు.

"సార్, ఆ సీను ఏ పేజీలో ఉందండీ? నేను మూడుసార్లు చదివాను, నాకు కనబడలేదు."

వేరే ముద్రణ అయ్యుంటుంది అన్నాడాయన నవ్వుతూ. ఇది ఒక్కటే ముద్రణ అని, కాస్త చూపించమని అమ్మాయి మర్యాదగానే పుస్తకం అందించింది. ఆయన చివర్నుంచి పేజీలు తిప్పాడు. మొదట్నుంచి తిప్పాడు. ఎప్పుడూ తెరవని పుస్తకంలో ఏం వెతుక్కుంటాడు. మెడ మీద చెమట కాలర్‌లోకి కారడం మూడో వరసకి కూడా కనబడింది. అప్పుడు పుస్తకం మూసి, కథలక్క వైపు చెయ్యి చూపించాడు.

"మా ఆవిడ చదివి నాకు చెబుతూ ఉంటుంది లెండి. సీరియళ్లు చూసి చూసి ఏది పుస్తకమో ఏది సీరియలో కలిపేసినట్టుంది. ఆడవాళ్లకి చెబితే ఇదే చిక్కు."

కొందరు నవ్వారు. ఆయన తల వెనకాల గోడ మీద, స్త్రీ శ్రమ అని పెద్దక్షరాల బ్యానర్. పదకొండేళ్లుగా చదివింది ఎవరో చెప్పనివాడు, ఆ రోజు పదిమందిలో చెప్పాడు. తప్పు ఎవరిదో చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్పాడు. కథలక్క తనకి సిగ్గేస్తోందేమో అని ఒక క్షణం చూసుకుంది. సిగ్గు లేదు. ఒళ్లు మండిపోతోంది, అంతే.

అమ్మాయి ఆయన్ని వదిలేసి వెనక్కి తిరిగింది. "మేడమ్, ఆ సీను మీరు చెప్పిందా? రచయిత రాసినదానికంటే అదే బాగుంది. ఎలా తోచింది మీకు?" అని అడిగింది.

కథలక్క లేచి నిలబడింది. ముందు వేదిక మీద ఆయన వైపు చూసింది, అలవాటు. తర్వాత అమ్మాయి వైపు చూసింది. ఏదీ కలిపెయ్యలేదని, ఆ సీను పుస్తకంలో లేదని తనకి తెలుసని, ఆ సంగతి రెండుసార్లు చెప్పబోయిందని చెప్పింది. తను దుప్పట్ల గదిలో పని చేస్తానని చెప్పింది.

"మాసిన బట్ట చేతికొచ్చిందంటే ఆ గదిలో ఏం జరిగిందో మాకు తెలిసిపోతుందమ్మా. ఎవరు ఏడ్చారో, ఎవరు కొట్టారో. మేం ఎవరికీ చెప్పం. చెప్పం కాబట్టి మాకు తెలియదనుకుంటారు. ఆ రాసినాయనా అలాగే అనుకున్నాడు. అరపేజీతో సరిపెట్టేశాడు. నాకు కోపం వచ్చింది, అందుకని తోచింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవ్వినవాళ్లు మాత్రం నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దగ్గారు. బయటికి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి మెట్ల మీద పట్టుకుంది. ప్రతి గురువారం అయిదింటికి అక్కడే కూర్చుని ఈ పుస్తకాల మీద దెబ్బలాడుకుంటామని, రమ్మని అడిగింది. కథలక్క ఎవరినీ అడగకుండా వస్తానంది.

ఆయన ఇంటికి వచ్చాక అందుకున్నాడు. పదకొండేళ్ల పేరు ఒక్క పూటలో బూడిదలో పోసిన పన్నీరు చేశావన్నాడు. చెప్పేటప్పుడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పాలి కదమ్మాయ్, అంది అత్తగారు. చెప్పబోయాను, మీరు విన్లేదు అంది కథలక్క. మరి గట్టిగా చెప్పాల్సింది అన్నాడాయన. గట్టిగా చెబితే నోరెక్కువ అంటారు, మెల్లగా చెబితే గొణుగుడు అంటారు. ఆ మధ్యలో ఆడది పట్టుకోవాల్సిన శ్రుతి ఏదో ఇంతవరకూ ఏ మహానుభావుడూ చెప్పలేదు.

రెండు రోజులు అలిగి, మూడో రోజు ఆయనే క్షమించేశాడు. పెద్దమనసు. ఆదివారం కాలమ్ రావాలి కదా. కొత్త నవల తెచ్చి ఆమె సంచిలో పెట్టాడు. ఆమె వద్దనలేదు. బస్సులో చదివింది, మిషన్ దగ్గర చదివింది, నాలుగు రోజుల్లో పూర్తి చేసింది. చాలా బాగుంది ఆ పుస్తకం. ఎందుకు బాగుందో, ఎక్కడ రచయిత అబద్ధమాడాడో, అన్నీ ఆమె మనసులో వరసగా ఉన్నాయి. గురువారం ఇంకా ఒక రోజు దూరంలో ఉంది.

ఆరున్నరకి ఆయన స్టూలు లాక్కుని కూర్చుని నోటుబుక్కు తెరిచాడు.

"ఊ, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

కథలక్క పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుని సంచిలోంచి పుస్తకం తీసి, తెరిచి ఉన్న నోటుబుక్కు మీద పెట్టింది.

"ఆరువందల పేజీలండీ, చదవండి. ఒక్క పుస్తకం మీదైనా మీ అభిప్రాయం ఏమిటో వినాలని నాకు పదకొండేళ్లుగా ఉంది."