తాడు కట్టకముందే

పళ్ల మధ్య మట్టి.

ఎర్రటి, సన్నటి మట్టి. ముందు వెళ్లినవాళ్లందరి చక్రాల కింద నుంచి లేచి, గాలిలో తీరిగ్గా తేలి, ఆఖరున వచ్చే ఆమె కోసమే ఆగినట్టు ఆగి... నోట్లోకి. ఉమ్మితే పోదు. మింగితే దిగదు.

తొక్కు. ఊపిరి. తొక్కు. ఊపిరి.

పొద్దున్నుంచీ ఇదే. లోయలు దిగింది. వాగులో సైకిలు భుజానికెత్తుకుని నడిచింది. రాళ్ల మీద చైను ఊడితే కూర్చుని ఎక్కించుకుంది. ఇది ఆఖరి ఎక్కుడు. దీని నెత్తిన కనుమ. కనుమలో రెండు గుంజలు. నాలుగు కొట్టగానే ఆ గుంజలకి అడ్డంగా తాడు కడతారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు సైకిలు దిగాలి. వ్యాను ఎక్కాలి. పందెం అక్కడితో సరి.

నిరుడు ఆమె కళ్లముందే కట్టారు. అంతకు ముందు ఏడూ అంతే. ముడి బిగించే వేళ్లు కూడా కనిపించాయి, అంత దగ్గరగా.

ఈసారి కట్టలేరు. పొద్దు ఇంకా బాగా పైనే ఉంది. ఈసారి దాటుతుంది.

దాటాలి. వచ్చే ఏడు లేదు. మోకాలి ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూపించి, డాక్టరు ఆ మాట తేల్చేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే, అప్పుడే చెప్పానా లేదా అంటాడు ఆయన.

యాభై ఎనిమిదేళ్లు. ఆ వయసు ఆడవాళ్ల వర్గంలో ఆమె ఒక్కతే. గెలిచినా ఆమే. ఓడినా ఆమే.

"పెద్దమ్మా, పక్కకి! పక్కకి!" — పొద్దున పిల్లలంతా అరుస్తూ దాటిపోయారు. ఒకమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి, "అదరగొడుతున్నావ్ పెద్దమ్మా! మా అమ్మ మేడ మెట్లెక్కాలన్నా మమ్మల్ని తిడుతుంది" అంది. నవ్వొచ్చింది. నవ్వితే ఇంకాస్త మట్టి.

తొక్కు. ఊపిరి.

ఆస్పత్రి లాండ్రీలో పని ఆమెది. నీళ్లోడే దుప్పట్లు యంత్రంలోంచి లాగాలి, ఆవిరి రోలరుకి అందించాలి, వేడిగా ఉండగానే మడత పెట్టాలి. ఆ చేతులే ఇప్పుడు హ్యాండిలు మీద. లాండ్రీ వెనక మిట్ట ఒకటుంది. డ్యూటీ ఎక్కకముందు దాని మీదే సాధన. ఎండలో. ముసురులో. ఇంట్లో వంట ముగించి, గట్టు తుడిచి, ఆయన కప్పు కడిగి బోర్లించి.

"మోకాలి చిప్పలు మార్పించుకునే వయసులో మా ఆవిడ సైకిలు టైర్లు మారుస్తోందండోయ్" అనేవాడు ఆయన ఫోన్లో. అవతల ఎవరో నవ్వేవారు. ఆ నవ్వు వంటింట్లోకి వినిపించేది.

ఈసారి మాత్రం కారులో దింపుతానన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగితే మానుకుంటాడేమోనని.

పొద్దున కారు దగ్గర నంబరు గుడ్డ కట్టుకుంటూ చెప్పింది.

"నీళ్ల డేరాల దగ్గర తప్ప ఇంకెక్కడా నాకు ఎవరూ సాయం చేయకూడదు. ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పందెంలోంచి తీసేస్తారు. వింటున్నారా?"

"ముట్టుకోకూడదా? మనింట్లో అదేం కొత్త రూలు కాదుగా" అని నవ్వాడు.

విన్నాడు. విన్నాడు కాబట్టే నవ్వాడు.

ఆఖరి మలుపు. గుంజలు కనిపిస్తున్నాయి. మధ్యలో ఆకాశం తప్ప ఏమీ లేదు. తాడు లేదు!

దారి పక్కన మనుషులు. చప్పట్లు. వాళ్లలో నీలం చొక్కా — నిన్న తను ఇస్త్రీ చేసిందే. ఆ చొక్కా దారిలోకి వచ్చింది. పక్కనే పరిగెత్తింది. రొప్పింది.

వీపు మీద చేయి.

అరచేయి మొత్తం. వేళ్లు విప్పి. తోసింది.

కొండ ఒక్కసారిగా తేలికైంది. మోకాలు మాట్లాడటం మానేసింది. వీపు — ఆమెని అడక్కుండానే — ఆ చేతి మీదకి ఒరిగింది.

ఎంత హాయి.

ఈల మోగింది.

పసుపు కోటు వేసుకున్న పందెం వాళ్లమ్మాయి, మెడలో ఈల. తన కూతురికన్నా చిన్నది. "అమ్మా... చూడనట్టు ఊరుకుందామనే అనుకున్నానమ్మా. కానీ అందరూ చూశారు." నల్ల పెన్నుతో నంబరు మీద అడ్డంగా ఒక గీత. గీసేటప్పుడు గుడ్డ నలగకుండా రెండో చేత్తో పట్టుకుంది, జాగ్రత్తగా.

"ఇదెక్కడి న్యాయమమ్మా? పెళ్లాన్ని మొగుడు పట్టుకుంటే నేరమా?" అన్నాడు ఆయన, చుట్టూ చూస్తూ. ఎవరో నవ్వారు. "పడిపోతుంటే చూస్తూ నిలబడమంటావా?"

"నేను పడిపోవట్లేదు" అంది ఆమె.

పడిపోయిన రోజులు వేరే ఉన్నాయి. మంచం పట్టిన అత్తగారిని ఒక్కతే ఎత్తి స్నానానికి మోసిన రోజులు. గ్యాసు బండ గుమ్మం దాటక దాని పక్కనే కూలబడిన రోజు. జ్వరంతో కాలిపోతున్న పిల్లని చంకనేసుకుని, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తిన రోజు. అప్పుడు ఆ చేయి పేపరు పట్టుకుని ఉంది. ఇన్నేళ్లలో ఆ చేయి ఒక్కసారి సాయానికి వచ్చింది.

ఇక్కడికి.

మరిచిపోయాడా? మురిసిపోయి ఆగలేకపోయాడా? లేక... లేక ఆమె దాటిపోవడం...

మొహంలోకి చూసింది. చెమట. నొచ్చుకున్న కళ్లు. ఇచ్చింది ఎవరో తిరగ్గొట్టినట్టు. అంతకుమించి ఏమీ లేదు. ఉన్నా చదవడం చేతకాలేదు. ఇన్నేళ్ల కాపురం చేసీ.

"పోనీలే, వచ్చే ఏడు చూసుకుందాం. పద, కారు నీడలోనే పెట్టాను."

వచ్చే ఏడు.

ఆ నోట ఆ మాట మొదటిసారి.

ఆమె సైకిలెక్కింది. "ఎక్కడికీ? ఇంకా ఎక్కడికీ?" అంటున్నాడు వెనక. తొక్కింది. గుంజల మధ్య నుంచి దాటింది. తాడు ఇంకా కుర్రాళ్ల చేతుల్లో చుట్టగానే ఉంది. సంగతి తెలియక చప్పట్లు కొట్టారు. ఎవరూ నంబరు రాసుకోలేదు.

అవతల దిగుడు. ఖాళీ దారి. ముందు ఎవరూ లేరు. గాలి వెనక నుంచి వీస్తోంది, తోస్తోంది... వీపు మీద ఒక అరచేయంత మేర మాత్రం ఇంకా వేడిగా ఉంది. ఎన్ని మలుపులు తిరిగినా చల్లారదు.

తన చక్రాల కింద నుంచి లేచిన మట్టినే గాలి ముందుకు తెస్తోంది.

నోరు మూసుకోలేదు.

పళ్ల మధ్య... మట్టి.