ఒక చెంప గీసిన పూట

నేను ఒక కుర్చీని. మనుషుల్ని కూర్చోబెట్టడం నా పనిలో సగమే. మిగతా సగం వాళ్ళ నోరు మూయించడం.

తాళ్ళలంక కాలవ వంతెన పక్కన, రేకుల కప్పు కింద, మాణిక్యం సెలూన్లో ఉంటాను. పోత ఇనుప కాళ్ళు, టేకు చేతులు, వెనక్కి వాలే వీపు, తల ఆన్చుకోవడానికి చిన్న దిండు. పాదాలు పెట్టుకునే ఇనుప పలక మీద ఏవో పరాయి అక్షరాలు పోత పోసి ఉన్నాయి. తొంభై ఏళ్ళుగా ఎన్నో కాళ్ళు వాటిని రుద్దాయి గాని, అవి ఏ భాషో ఊళ్ళో ఒక్కరూ అడగలేదు.

కొలిమి వేడి, ఓడ అడుగున చీకటి, ఆ తరువాత ఒక్కసారిగా రంగూన్ వీధి వెలుగు. నా బాల్యం అంతే. అక్కడొక పెద్ద సెలూన్లో దొరలనూ బియ్యం వర్తకులనూ మోశాను. అందులో పనిచేసే అప్పన్న తాళ్ళలంక మనిషి. యుద్ధం వస్తోందని యజమాని దుకాణం ఎత్తేస్తూ, "గుర్తుగా ఏం కావాలో కోరుకో" అంటే, అప్పన్న గోడ గడియారాన్నీ నిలువుటద్దాన్నీ వదిలేసి నన్ను కోరుకున్నాడు. ఓడలో తాను పైన ఎండలో ముడుచుకుని పడుకుని, నన్ను గోనెపట్టా చుట్టి కింద దర్జాగా పడుకోబెట్టాడు. కాకినాడలో దిగి, పడవెక్కి, కాలవ మీదుగా ఇద్దరం ఇల్లు చేరాం.

రంగూన్లో అందరూ ఎక్కిన నన్ను తాళ్ళలంకలో అందరూ ఎక్కడానికి నలభై ఏళ్ళు పట్టింది. పేటవాళ్ళను ఎక్కించుకుంటే మేము రామన్నారు పెద్దిళ్ళవాళ్ళు. "మీరు మానేస్తే బల్ల మీద చోటు మిగులుద్దండి, అంతే" అన్నాడట అప్పన్న కొడుకు వీర్రాజు. అన్న మాట మీద నిలబడ్డాడు కూడా. వీర్రాజు కొడుకే మాణిక్యం.

అప్పన్న పెట్టిన నియమం ఒకటి మా షాపులో ఇప్పటికీ నడుస్తోంది. కుర్చీలో ఉన్నవాడు మాట్లాడకూడదు. కత్తి దవడ మీద ఉండగా నోరు తెరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎదురుగా గోడవార బల్ల ఉంటుంది. బల్ల మీద ఉన్నంతసేపు ఎంతైనా వాదించుకోవచ్చు. వంతు వచ్చి నా ఒడిలో కూర్చుంటే మాత్రం, అంతవరకు తాను తిట్టినవాళ్ళు తనను తిడుతుంటే కిక్కురుమనకుండా వినాలి. పెద్ద పెద్ద సభల్లో ఈ ఏర్పాటు ఎందుకు చేసుకోలేదో నాకు అర్థం కాదు.

ఈ నియమానికి ఎప్పుడూ చిక్కనివాడు ఊళ్ళో ఒక్కడే. ప్రెసిడెంటు భాస్కరం. కాగితాల మీద ఆయన సర్పంచి. ఊరి నోట ప్రెసిడెంటుగారు. ఆయన గడ్డం ఆయన ఇంటి అరుగు మీదే. వీర్రాజు కత్తుల పొది పట్టుకుని ప్రెసిడెంటుగారి నాన్నగారి దగ్గరకు వెళ్ళినట్టే, మాణిక్యం రెండు రోజులకోసారి ఈయన దగ్గరకు వెళ్ళేవాడు. పైగా ఆ దవడ కింద ఒక పులిపిరి ఉంది. దాన్ని తప్పించుకుని కత్తి నడపడం మాణిక్యం చేతికే తెలుసు. ఒకసారి ఆయన అమలాపురంలో ఎవరిచేతో గీయించుకుని, పెళ్ళి పందిట్లో దవడకు దూది అంటించుకుని తిరిగాడు.

ఆ ఏడు ప్రెసిడెంటుగారు కొరియా వెళ్ళివచ్చాడు. కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీయగా మిగిలే పొట్టును ఆ దేశంవాళ్ళు కొంటారని ఎక్కడో విని, వెతుక్కుంటూ పోయి, ఇద్దరిని మన ఊరు చూడ్డానికి ఒప్పించి వచ్చాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వాళ్ళొచ్చే వేళకు ఊరి మొదట్లో స్వాగత ద్వారం ఉండాలని పంచాయతీ డబ్బు ఎనిమిది లక్షలు తీర్మానం చేయించాడు. దాని మీద వాళ్ళ నాన్నగారి పేరు. కుడి స్తంభానికి రోడ్డును సగం మింగుతూ గుంట తవ్వారు. ఎడమ స్తంభం వచ్చేది సరిగ్గా నేనున్న చోట. సోమవారానికల్లా షాపు తీసెయ్యాలని తలుపుకు నోటీసు అంటించారు. ఎక్కడికి తీసెయ్యాలో అందులో రాయలేదు.

మాణిక్యం నోటీసును రెండుసార్లు చదివి, దాని మీదుగానే తలుపు తీసి మూసుకుంటూ వచ్చాడు. వచ్చినవాళ్ళు "ఏం చేత్తావురా?" అని అడిగితే, "ముందు తల వంచండి" అనేవాడు. కాని మధ్యాహ్నం షాపు ఖాళీ అయినప్పుడు నా చేతుల మీద నూనెగుడ్డ రాస్తూ ఎంతోసేపు ఉండిపోయేవాడు. రాసిన చోటే మళ్ళీ రాసేవాడు.

కొరియావాళ్ళు వచ్చే రోజు శనివారం. వారం రోజులుగా ఏర్పాట్లకని కాకినాడకూ ఊరికీ తిరిగి ప్రెసిడెంటుగారి మొహం మాసిపోయింది. పొద్దున్నే ఆయన పాలేరు వచ్చి, "మాణిక్యం మావా, అయ్యగారు రమ్మంటన్నారు" అన్నాడు.

మాణిక్యం కత్తి నూరుతూనే, "ఎల్లుండికి నా కుర్చీ ఎక్కడుంటదో నాకే తెలవదు. ఇయ్యాల ఇక్కడుంది. బాబుగారినే ఓసారి ఇటు రమ్మనరా" అన్నాడు.

బల్ల మీద ఇద్దరున్నారు. పెన్షను పుచ్చుకుంటున్న పేరయ్య మాస్టారు, కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే లోవరాజు. మూడు తరాల్లో ఆ ఇంటికి వెళ్ళని కబురు అది.

ప్రెసిడెంటుగారు ఎనిమిదిన్నరకు వచ్చాడు. రాక ఏం చేస్తాడు, పులిపిరి ఉంది.

"ఏరా, కబురంపితే రాలేవా?"

"నేనొత్తానండి బాబూ. కుర్చీ రాదు గదండి."

ఆయన నోటీసు వైపు చూడకుండా లోపలికి వచ్చి కూర్చున్నాడు. మొదటిసారి ఆయన బరువు తెలిసింది. కబుర్లలో విన్నంత లేదు.

"తొందరగా కానియ్. తొమ్మిదింటికన్నారు వాళ్ళు."

"తొమ్మిదంటే పదకొండేగదండీ" అన్నాడు లోవరాజు.

"అంతేలే. మనూరొచ్చిన పెద్దమనిషి ఎవడు టైముకొచ్చాడు గనక!" అని ఆయన వెనక్కి వాలాడు.

మాణిక్యం పెదాల దాకా దట్టంగా నురగ పట్టించాడు. కత్తి కుడి చెంపకు ఆన్చి, తల తిప్పకుండానే అన్నాడు: "ఆయ్ మాస్టారూ, నిన్న ఎక్కడాపారండి?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని బల్లెక్కించినవాడు. అవకాశం వస్తే వదలడు. "ఎక్కడాపాం? కాలవలో గుర్రపుడెక్క తీయించలేని ప్రెసిడెంటుకి కొరియా దేనికీ అన్న దగ్గర."

"డెక్క ఎప్పుడైనా తీయొచ్చండి" లోవరాజు అందుకున్నాడు. "పొట్టు కొనేవోడు ఎప్పుడైనా దొరుకుతాడాండీ? మనం గట్టెంట తగలేసి, ఆ పొగకి దగ్గుతా కూకునే పొట్టండి అది. ఆళ్ళు దాంట్లో మొక్కలేత్తారంట. మట్టి లేకుండానండి!"

"మట్టి లేని దేశమేంట్రా? అంతగా లేకపోతే రెండు లారీలు మనమే పంపుదాం. ఆయనెళ్ళడం దేనికి, విమానమెక్కి?"

"విమానం సొంత డబ్బండి. తోటలో రెండేళ్ళ కాపు ముందే అమ్ముకున్నారు. నేనేగదండీ దింపు తీత్తంట."

నురగ కింద ప్రెసిడెంటుగారు గట్టిగా తల ఊపబోయాడు. "కదలకండి బాబూ, పులిపిరి కాడున్నాను" అన్నాడు మాణిక్యం. తల ఆగిపోయింది. నా చేతుల మీద ఆయన వేళ్ళు బిగుసుకోవడం నాకు తెలిసింది.

మాస్టారు కొంచెం తగ్గాడు. "సొంతమా? ఆ మాట ఆయన చెప్పలేదే."

"మీరు అడిగారాండీ? ఎనక తిట్టారు గాని!"

అప్పుడు గడప దగ్గర నుంచి ఒక ఆడగొంతు పలికింది. "అయితే తిరగబడిందండి యవ్వారం." కాసులమ్మ. డొక్కలు కాలవలో నానబెట్టి, కొట్టి, పీచు తీసే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద. సరుకు ఎక్కడ పరవాలో ప్రెసిడెంటుగారిని అడగడానికి చంకలో పీచు కట్టతో వచ్చింది. సెలూన్లోకి ఆడవాళ్ళు రారు గనక గడప అవతలే నిలబడింది.

"ఏం తిరగబడింది, కాసులమ్మా?" అన్నాడు మాస్టారు.

"కొరియా ఎల్లింది ఊరి కోసం. దానికి సొంత డబ్బెట్టారు. ఆర్చీ ఆళ్ళ నాన్నగారి పేరుకి. దానికి ఊరి డబ్బెట్టారు. అటుదిటు, ఇటుదటు ఎడితే మేమెవరం నోరెత్తకపోదుం. ఆ కొనేవోళ్ళొత్తే మా జట్టుకి ఏడాదంతా పనండి. ఆళ్ళని రమ్మనండి, నా తలమీద కూకోబెట్టుకుంటాను. గుమ్మమెందుకండీ? నా ఇంటికొచ్చే చుట్టం గుమ్మం చూసి రాడు, పొయ్యి చూసొత్తాడు."

కుడి చెంప పూర్తయింది. మాణిక్యం కత్తి తుడిచి, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నా ముందు నిలబడి అతను గిరాకీతో మాట్లాడడం నేను చూడడం అదే మొదటిసారి.

"బాబూ, నాకు రెండు చెంపలూ ఒకటేనండి. ఈళ్ళ మాట ఆళ్ళకీ ఆళ్ళ మాట ఈళ్ళకీ నేనెప్పుడూ మొయ్యలేదు. ఒక్కటడుగుతాను, సెప్పండి. కొరియాలో తవరు ఆ ఊరి గుమ్మం చూసొచ్చారా, పని చూసొచ్చారా?"

ప్రెసిడెంటుగారు నోరు తెరిచాడు. కత్తి దవడ మీద లేదు, చెప్పొచ్చు. కాని అప్పుడే బయట కారు హారను మోగింది. నా ఎదుటి గడియారంలో తొమ్మిదికి ఐదు నిమిషాలుంది.

స్తంభం గుంట, ఇసక కుప్ప, ఇనుప చువ్వలు. ఎవరి స్వాగతానికి తవ్వారో వాళ్ళ కారే ముందుకు పోలేక ఆగిపోయింది. దిగినవాళ్ళు ముగ్గురు: ఒక ముసలాయన, ఒక పడుచువాడు, మాట అటూ ఇటూ చెప్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. చుట్టూ చూసి, మనుషులున్న నీడ ఇదొక్కటే గనక ఇటే వచ్చారు. ప్రెసిడెంటుగారు ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, మెళ్ళో తుండుగుడ్డతో లేచి దణ్ణం పెట్టాడు. ముసలాయన అంతకంటే కిందికి వంగి దణ్ణం పెట్టాడు.

ప్రెసిడెంటుగారు గభాల్న లేవడంలో ఆయన కడియం తగిలి నా సీటు తోలు చిరిగింది. లోపలి పీచు బయటికి వచ్చింది. నాకు సిగ్గేసింది. పరాయి దేశపు మనిషి ముందు, అందులోనూ నాలాగే సముద్రం దాటి వచ్చినవాడి ముందు!

ముసలాయన వంగి చిటికెడు పీచు లాగాడు. నలిపాడు, వాసన చూశాడు, నాలుక కొసకు తగిలించి చూశాడు. ఏదో అడిగాడు.

"ఇది పెట్టి ఎన్నేళ్ళయిందని అడుగుతున్నారు" అంది అమ్మాయి.

"పదహారేళ్ళండి. పాత దూది ఎలకలు తినేత్తే ఈ కాసులమ్మే ఇచ్చింది" అన్నాడు మాణిక్యం.

ముసలాయన సైగ చేస్తే మాణిక్యం నా సీటు పైకెత్తాడు. పదహారేళ్ళు ఆ పీచు ఆని ఉన్న బోల్టులు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. తుప్పు లేదు. ముసలాయన వేలితో రాసి చూసి, పడుచువాడికి చూపించి, గడగడా మాట్లాడాడు.

"ఉప్పు ఉంటే వాళ్ళ మొక్కలు చచ్చిపోతాయట. ఇంతవరకు చూసిన ఊళ్ళన్నీ సముద్రపు ఉప్పునీళ్ళలో నానబెడుతున్నాయట. ఇక్కడ ఎందులో నానబెడతారు?"

బల్ల మీద ఇద్దరూ, ప్రెసిడెంటుగారూ జవాబు కోసం గడప వైపు తిరిగారు.

"కాలవలోనండి. గోదారి నీళ్ళు" అంది కాసులమ్మ. ఆ మాట చెబుతూ మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చింది.

ఆ తరువాత ఆ చెంప గీయడానికి వ్యవధి దొరకలేదు. ముసలాయన ఒక గుప్పెడు నా పీచు కవరులో వేసుకుని, డొక్కలు నానేచోటు చూపించమన్నాడు. ప్రెసిడెంటుగారు నురగ తుడుచుకుని, ఒక చెంప నున్నగా, ఒక చెంప మాసి, సాయంత్రం దాకా ఊరంతా నడిచాడు. గుంట దాటి వాళ్ళను నడిపించాల్సి వచ్చింది. గుర్రపుడెక్క పక్కకు తొయ్యాల్సి వచ్చింది. ముందు ఒక లారీ పంపండి, నచ్చితే ఏడాదంతా కొంటాం అని వాళ్ళు వెళ్ళిపోయారు.

దీపాలు పెట్టే వేళకు ఆయన మళ్ళీ వచ్చాడు. కబురంపలేదు. వచ్చి నాలో కూర్చోకుండా బల్ల మీద, మాస్టారి పక్కన కూర్చున్నాడు.

"పొద్దున్న అడిగావు గదయ్యా మాణిక్యం. ఆ ఊరికి గుమ్మం ఉందో లేదో నేను చూడనే లేదు. సరాసరి పొట్టు గిడ్డంగి దగ్గర దింపేశారు. చూసిందంతా పనే."

ఆయన లేచి, తలుపు మీది నోటీసు గోటితో గీకడం మొదలుపెట్టాడు. పంచాయతీ జిగురు గట్టిది, సగమే వచ్చింది.

"గుంట రేపు పూడిపిస్తాను. ఆ డబ్బు కాలవ శుభ్రానికీ, పొట్టు ఎండబెట్టే కళ్ళానికీ మార్పిస్తాను. ఆర్చీ మా తోట గుమ్మంలో నేను కట్టుకుంటాను."

"సొంత డబ్బుతోనా అండీ?" అన్నాడు మాస్టారు.

"సొంత డబ్బుతోనే, మహానుభావా!"

"అయితే మాకేం అభ్యంతరం లేదండి. రెండంతస్తులు కట్టుకోండి" అన్నాడు లోవరాజు. మాణిక్యం నవ్వుతూ నా చేయి తట్టి, "రండి బాబూ, ఎడం చెంప ఉండిపోయింది" అన్నాడు.

ఇదంతా జరిగి ఆరేళ్ళు. లారీలు వెళుతూనే ఉన్నాయి, సరుకు నచ్చక ఒకటి రెండు తిరిగొచ్చాయి, వాటి మీదా వాదనలయ్యాయి. నా సీటులో కొత్త పీచు కాసులమ్మే కూరింది. మొన్న పట్నం నుంచి ఎవరో వచ్చి, ఈ కుర్చీని పాత వస్తువుల ప్రదర్శనశాలలో పెడతాం, అమ్ముతావా అని మాణిక్యాన్ని అడిగారు. వాళ్ళు నా పాదాల పలక మీది అక్షరాలు చదివారు కూడా. నేను పుట్టిన ఊరి పేరు తొంభై ఏళ్ళకు మొదటిసారి విన్నాను. మాణిక్యం వినలేదు; వాళ్ళ వెనక బల్ల మీద కూర్చున్న ప్రెసిడెంటుగారిని పిలుస్తున్నాడు.

ఆయన ఇప్పుడు రెండు రోజులకోసారి ఇక్కడికే వస్తాడు. వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చుని, మళ్ళీ ఏదో దేశం వెళ్ళాలని, దానికి ఎంతవుతుందని, ఎందుకు వెళ్ళాలని గొంతు చించుకుంటాడు. మాస్టారు ఒప్పుకోడు. కాసేపటికి మాణిక్యం తుండుగుడ్డ దులుపుతాడు. ప్రెసిడెంటుగారు మాట మధ్యలో ఆపి, లేచి వచ్చి, నాలో కూర్చుని, నోరు మూసుకుంటాడు.

అప్పుడు బల్ల మొదలుపెడుతుంది.