వీపు మీద ఇరవై నాలుగు గళ్ళు

వీపు మీద ఎక్కడ ఎర్రబడిందో చూసి చెప్పమంటే మా ఆయన ముందు కళ్ళజోడు వెతుక్కున్నారు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నా వీపుని ఇంత శ్రద్ధగా చూడటం ఇదే మొదలనుకుంటా. అక్కడ ఇరవై నాలుగు గళ్ళున్నాయి. సోమవారం చర్మం డాక్టరుగారి దగ్గర, నా ఒంటికి ఏది పడదో తేల్చడానికి, నర్సు ఒక్కో గడిలో ఒక్కో మందు చుక్క పెట్టి, పట్టీలు అంటించి, పక్కన పెన్నుతో నంబర్లు వేసింది. ఆ బుధవారం పట్టీలు తీసేసింది. మచ్చలు పూర్తిగా తేలడానికి ఇంకో రెండు రోజులు పడుతుందట. ఏ నంబరు ఏమిటో అడిగి సగం రాయించుకున్నాను. మిగతావి ఏమైనా పరవాలేదు, పదకొండూ పన్నెండూ ఎర్రబడకూడదు. అవి సెంట్లవి.

“పందొమ్మిది దగ్గర ఏదో ఉన్నట్టుంది” అన్నారు.

“పదకొండు చూడండి.”

“దురద ఎక్కడ పెడుతోందో నీకు తెలీదా?”

తెలియదు. ఒళ్ళు నాదే అయినా ఆ వైపు ఏం జరుగుతోందో ఇంకొకళ్ళు చెప్పాల్సిందే.

నేను కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాను. ఫ్రేము చెవుల వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూడాలంటే అవతలి మనిషి ముఖానికి జానెడు దూరంలోకి వంగాలి. అందుకని మనుషులు నాకు వాసనలతో గుర్తుంటారు. ఒక టీచరమ్మ దగ్గర సుద్దముక్క వాసన, దాని అడుగున ఎక్కడో సన్నగా నిమ్మతొక్క వాసన. అది ఏ సీసాలోదో, ఆవిడే కొనుక్కుందో, ఎవరైనా ఇచ్చారో అని ఆలోచిస్తూ స్క్రూ బిగిస్తుంటాను. నాకు మాత్రం ఏ వాసనా లేదు. పన్నెండేళ్ళ నుంచి లేదు.

అంతకుముందు ఉండేది. పిన్ని ఇచ్చిన చిన్న సీసా. వానకి తడిసిన చెక్క వాసన. మణికట్టుకి రాసుకుని ఆ మణికట్టునే మెడకి అద్దుకునేదాన్ని. పెళ్ళయిన రెండో ఏడు చేతులు ఎర్రబడి, వేళ్ళ సందులు పగిలి, మెడ మీద దద్దుర్లు లేచాయి. “ఇంకేముంది, ఆ సెంటే” అంది అత్తయ్య. ఆయన ఆ సాయంత్రమే సీసా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశారు. “నీ మంచికే” అన్నారు. నా మంచి కోసం ఆయన అంత చురుగ్గా కదిలారని అప్పుడు సంతోషించాను కూడా. సెంటు పోయింది, దద్దుర్లు పోలేదు. “ఒంటికి పట్టేసింది, ఒక పట్టాన వదలదు” అంది అత్తయ్య. ఆయన రోజూ పొద్దున్నే సెంటు గుప్పుమనేలా కొట్టుకుని ఆఫీసుకి వెళ్తారు. ఆ వాసనకి నాకేమీ కావటం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. సిగ్గుచేటు, నాకూ తట్టలేదు. నా ఒళ్ళే అంత అనుకున్నాను.

పోయిన నెల దుకాణం యజమాని నన్ను పక్కకి పిలిచాడు. “ఏమనుకోకమ్మా, నీ చేతులు చూసి కస్టమర్లు మొహం వెనక్కి జరుపుకుంటున్నారు. కొన్నాళ్ళు వెనక గదిలో అద్దాలు తుడుస్తూ ఉండు” అన్నాడు. అప్పుడొచ్చింది రోషం. డాక్టరుకి చూపించుకున్నాను.

ఈ పరీక్షకి పెద్ద నియమాలే ఉన్నాయి. శుక్రవారం దాకా వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, వంగి చేసే పనులు చెయ్యకూడదు. నేను చెబితే సాకయ్యేది, డాక్టరు కాగితం మీద రాసిచ్చారు కాబట్టి వైద్యమైంది. మా ఆయనే గిన్నెలు తోమారు, నేల తుడిచారు. “వాడి చేతులు నానిపోతున్నాయి” అని అత్తయ్య వంటగది గుమ్మంలో నిలబడి మూడుసార్లు అంది. నేను కుర్చీలో కూర్చుని వింతగా చూశాను. సింకు ముందు నిలబడ్డ మనిషిని వెనకనుంచి చూడటం నాకు కొత్త. నేనూ ఇలాగే కనిపిస్తానా అనుకున్నాను. గురువారం పొద్దున్న చూసుకుంటే నా వేళ్ళ సందుల్లో పగుళ్ళు పూడుతున్నాయి. ఇదేదో విచిత్రంగా ఉందే అనుకున్నాను కానీ ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం డాక్టరుగారు భూతద్దం పెట్టి చూశారు. “పదకొండు, పన్నెండు శుభ్రంగా ఉన్నాయి. పందొమ్మిది మాత్రం బాగా పొంగింది.”

“అదేంటండీ?”

“లిక్విడ్లు చెడిపోకుండా కలిపే మందు. గిన్నెలు తోమేవాటిలో, నేల తుడిచేవాటిలో ఉంటుంది. ఆ చేత్తోనే మెడ తాకితే అక్కడా వస్తుంది.”

“మరి సెంటు?” నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

“మేం పరీక్షించినవి కొన్ని రకాలే. మీరు కొనేది ముందు మోచేతి మడతలో వారం రోజులు రాసి చూడండి. ఏమీ రాకపోతే వాడుకోండి.”

బయటికొచ్చాక మా ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. “పోన్లే, విషయం తేలిపోయింది. గ్లౌజులు కొనుక్కుని తోముకో, సరిపోతుంది.” మామూలుగానే అన్నారు. ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఆ మాట దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. తప్పు సెంటుదని తేలకుండానే నా సీసా చెత్తబుట్టలో పడింది. తప్పు లిక్విడుదని తేలాక కూడా సింకు పక్కన సీసా అక్కడే ఉంటుంది, దాని ముందు నేనూ అక్కడే ఉంటాను. పన్నెండేళ్ళు నాకిష్టమైనదాన్ని మానమన్నారే కానీ, పని మాని చూడమని ఒక్కరూ అనలేదు.

ఆయన్ని ఇంటికి పంపి నేను బజారుకి వెళ్ళాను. ముందు సెంట్ల దుకాణంలో తొమ్మిది సీసాలు వాసన చూశాను. తడిసిన చెక్క వాసన దొరకలేదు. దొరకనందుకు బాధ కూడా వెయ్యలేదు, ఇప్పుడు నాకేది నచ్చుతుందో తెలుసుకోవాలని ఉంది. దాల్చినచెక్కలాంటిదొకటి తీసుకుని, అక్కడే మోచేతి మడతలో ఒక చుక్క పెట్టుకున్నాను. పక్క దుకాణంలో గ్లౌజులు అడిగి, అన్నిటికన్నా పెద్ద సైజు తీశాను.

“మీ చేతికి మరీ వదులవుతాయండి” అంది కౌంటరు దగ్గరమ్మాయి.

“మా ఆయనకి” అన్నాను. “సరిగ్గా సరిపోతాయి. ఆ చేతులు నాలుగు రోజులుగా చూస్తున్నాను.”