వాసన పోయిన సీసా

నాలుగేళ్లుగా ఆవిడ ఒంటికి కుళ్లిన వెన్న వాసన. ఎంత తోముకున్నా వదల్లేదు. బస్సులో పక్కవాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయేవారు. ప్రయోగశాలలో అందరికీ ఆవిడ "కంపక్క". కడుపున పుట్టిన కూతురే అమ్మమ్మ పక్కలోకి చేరిపోయింది.

అదంతా ఒక్క సీసా కోసం. అందులో ఉన్నవి గాలి సోకితే చచ్చే సూక్ష్మజీవులు. కంపుకొట్టే ఆమ్లాన్ని విరగ్గొట్టుకుని బతుకుతాయి. దాంతో దక్కే శక్తి ఎంతని? పిసరంత. ఆ పిసరు పిసరే కూడబెట్టుకోవాలి. పైగా ఆమ్లం విరిగితే పుట్టే హైడ్రోజన్‌ను పక్కనే ఉన్న ఇంకో జాతి తినేస్తూ ఉండాలి. లేకపోతే ఆ పిసరు కూడా మిగలదు. అందుకే అవి రెట్టింపు కావడానికి నెల పట్టేది. పాపిష్టి బతుకు! అయినా ఆవిడకు వాటిమీదే ప్రాణం. ఇన్నాళ్లకు సీసాలో ఆమ్లం పూర్తిగా అరిగింది. కొత్తది పోసే పనిలేక నెలరోజులుగా ఆవిడ ఒంటి కంపు కూడా తగ్గుతోంది. ఇంకో మూడు వారాలు కొలతలు తీస్తే డాక్టరేట్ పట్టా చేతికొస్తుంది. గడువు కూడా అంతే మిగిలింది.

పరిశోధన వ్యాసంలో తన అల్లుడి పేరు ముందు పెట్టమన్నాడు ప్రయోగశాల నడిపే పెద్దసారు. "కుదరదు సార్, పని నాది," అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మర్నాడే అలమర ఇరుకైందంటూ, ముందుజాగ్రత్తకని అవే జీవుల్ని దాచిన మిగతా సీసాలన్నీ ఆవిడ చేతే పారబోయించాడు. అప్పుడైనా అనుమానం రావద్దూ, పిచ్చితల్లికి!

శుక్రవారం అతిథులొచ్చారు. "ఆమ్లం అరిగిందంటే కంపు పోయి ఉండాలిగా. వాసన చూద్దాం రండి," అంటూ పెద్దసారు సీసా అందుకున్నాడు.

"మూత తీయొద్దు సార్! మీ కాళ్లు పట్టుకుంటా!"

మూత తీయకూడదని ముప్పయ్యేళ్లుగా పాఠం చెప్పిన మనిషి. బిరడా పీకి, గ్లాసులో పోసి, బాగా గిలక్కొట్టి, ఒక్కొక్కరి ముక్కు కిందా పెట్టాడు. గాలి సోకితే రంగు మారే మందు అందులో ముందే కలిపి ఉంది. నీళ్లలా ఉన్నది కాస్తా గులాబీ రంగుకు తిరిగింది.

"అబ్బ, ఎంత బావుందో!" అని అతిథులు చప్పట్లు కొట్టారు.

"ఏడవకమ్మా, మళ్లీ మొదలెట్టుకో. నాలుగేళ్లేగా," అన్నాడు పెద్దసారు మెల్లగా. "సీసా మాత్రం శుభ్రంగా కడిగిపెట్టు. రేపటి నుంచి మా అల్లుడికి కావాలి."

కడిగింది. కడగక ఏం చేస్తుంది?

ఇంటికొచ్చేసరికి కూతురు పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

"అమ్మా, కంపే లేదు! ఇక రోజూ ఇలాగే ఉంటావా?"

"ఇక రోజూ ఇలాగే తల్లీ," అంది.