గొంతు నిలబడే చోటు

ముత్యాలరావు తన ఇంటి ముందుగదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో సుద్దముక్క ఉంది, ఎదురుగా బల్ల మీద రెండు జతల చిన్న స్పీకర్లు కనబడకుండా పాత పంచె వేలాడుతోంది, నాలుగు నెలల క్రితం పోయిన మనిషి ఇంత తీరిగ్గా ఎలా కూర్చున్నాడని భీమశంకరానికి అనిపించడం లేదు, పంచె వెనక వంగి తీగలు విప్పుతూ, ముందు ఏ జత పెట్టాలా అని మాత్రమే ఆలోచిస్తున్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇద్దరి పద్ధతీ ఇదే. ఎవరు కొత్త స్పీకర్లు తెచ్చినా పాతవాటి పక్కన పెట్టి, ముందు పంచె కట్టి, ఒకడు తీగలు మారుస్తుంటే రెండోవాడు వినాలి. ముత్యాలరావు వాళ్ళ అక్క ఎప్పుడో పాడగా రికార్డు చేసిన లాలిపాట తప్ప వేరేది పెట్టకూడదు. విన్నవాడు ఆవిడ గొంతు ఎక్కడ నిలబడిందో బల్ల అంచున సుద్దతో గీత గియ్యాలి. రెండు పెట్టెలూ పాడుతున్నా ఆవిడ ఒక్కతే సరిగ్గా నడుమ నిలబడి పాడినట్టుండాలి. అలా నిలబెట్టలేని స్పీకరుకు, దాని డబ్బా మీద ఎన్ని గొప్పలు రాసున్నా సరే, ముత్యాలరావు ఇంట్లో చోటు లేదు.

"నా చెక్కపెట్టెలు మాట బాగా పలుకుతాయిరా భీముడూ. నువ్వు తెచ్చిన నల్లవాటికి దరువెక్కువ. గదేమో పదడుగులు లేదు, మనకేమైనా ఊరేగింపా ఏంటి," అంటున్నాడు ముత్యాలరావు.

"వాటికింద ఇటుకలు పెట్టి చెవులెత్తుకి తెచ్చాన్రా. గోడకి జానెడు ఇవతలికి జరిపాను. దరువు తగ్గింది. ఇప్పుడు విను."

పాట మొదలవుతుంది, మొదలవగానే గది గోడలు మెల్లగా వెనక్కి జరుగుతాయి, బల్ల పొడుగు సాగుతూ కాకినాడ మెయిన్‌రోడ్డు దాకా పోతుంది, దాని అంచు పట్టుకుని ముత్యాలరావు సుద్దముక్కతో నడుస్తూ నడుస్తూ ఆగుతాడు, గీత గియ్యబోయి మానుకుంటాడు, మళ్ళీ నడుస్తాడు, అక్క గొంతు అన్ని వైపులా ఉంది కానీ ఏ చోటా లేదు.

"అక్క ఏదిరా? మొన్న కూడా ఇంతే. ఇటు చూస్తే ఇటు లేదు, నడుమా లేదు."

మొన్న అంటే పోయిన వేసవి. ఆ రోజు కూడా ముత్యాలరావు ఇదే మాట అంటే, కొత్త స్పీకర్లు కొన్న ఊపులో ఉన్న భీమశంకరం తీగలకేసి ఒక్కసారి కూడా చూడకుండా, "అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డెబ్భై దాటాక చెవులు కూడా మన మాట వింటాయేంట్రా," అని నవ్వాడు. ముత్యాలరావు నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, "అయితే నా చెవులు పోయాయన్నమాట," అన్నాడు. తర్వాత ఇక పాట పెట్టలేదు. మంచం పట్టాక ఎవరేం పలకరించినా చెవి చూపించి ఊరుకునేవాడు. ఇవాళ మధ్యాహ్నం నల్ల స్పీకర్ల దుమ్ము దులుపుతుంటే భీమశంకరానికి అసలు సంగతి కనబడింది. ఒకదానికి ఎర్ర తీగ పెట్టాల్సిన చోట నల్లది ఉంది. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, ఇక గొంతు నడుమ ఎలా నిలబడుతుంది? తప్పు పట్టుకున్న చెవులనే తను పాడైపోయాయన్నాడు.

"ఒరే ముత్యాలూ, తప్పు నాదిరా. తీగ తిరగేసి పెట్టాను. నీ చెవులకేం కాలేదు," అని భీమశంకరం అరుస్తున్నాడు, ఆ అరుపు కూడా పాటలాగే చెదిరిపోయి ఎటో వెళ్తోంది, ముత్యాలరావు అర్థం కానట్టు చూస్తున్నాడు, ఇద్దరి మధ్యా బల్ల పోయి ఒక మంచం వచ్చింది, మందుల వాసన వస్తోంది.

"ఉండరా," అని ముత్యాలరావు గుమ్మం వైపు తల తిప్పుతాడు. "అటు మాట్లాడుతున్నారు."

భీమశంకరానికి ఏమీ వినపడదు. "ఎవరు?"

"మనవాళ్ళే," అని, ఇంకేమీ చెప్పకుండా చాలాసేపు అలా వింటూ ఉండిపోతాడు.

భీమశంకరం కళ్ళు తెరిచేసరికి సాయంత్రం నాలుగైంది. తన ఇంట్లో, పడక్కుర్చీలోనే ఉన్నాడు. భోజనం చేశాక తీగ సరిచేసి, లాలిపాట పెట్టి, వింటూ నిద్రపోయాడు. పాట మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ముత్యాలరావు అక్క బల్లకు సరిగ్గా నడుమ నిలబడి పాడుతోంది. అతనికి ఏడుపు ఆగలేదు. కాసేపటికి మొహం కడుక్కుని, ముత్యాలరావు భార్య చిట్టెమ్మకు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, వాడి చెవులకేం కాలేదమ్మా. తీగ నేనే తప్పు పెట్టాను. నా తప్పు చూసుకోకుండా వాడిమీదకి నెట్టేశాను. పాపం, చెవులు పోయాయనుకునే పోయాడు."



"అంటే ఆయనకి బాగానే వినపడేదా అన్నయ్యగారూ?"

"నీకూ నాకూ కంటే బాగా వినపడేదమ్మా."

"ఆయనకి వినపడదు కదా అని డాక్టరు గారు గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశారండి, ఇంకెన్నాళ్ళో. ఆ రాత్రికే నేను కూడా మా అక్కతో ఫోన్లో అనేశాను, ఇంక నావల్ల కావట్లేదే అని. ఆయన మంచం పక్కనే నిలబడి అన్నాను."

భీమశంకరం లేచి పాట కట్టేశాడు.

"మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తుంటే చెయ్యి పట్టుకున్నారండి," అంది చిట్టెమ్మ. "మీ అక్కదగ్గరికెళ్ళి నాలుగురోజులు ఉండి రా, నన్ను భీముడు చూసుకుంటాడులే అన్నారు. ఎందుకలా అన్నారో నాకు ఇప్పటిదాకా తెలీలేదు."