ఒక్క చుక్క జిగురు

వ్యాగన్లను అట్టపెట్టెలో సర్దుతున్న అక్క చెయ్యి ఒకదాని దగ్గర ఆగిపోయింది. అరచేతిలో ఇమిడే బొమ్మ గూడ్సు వ్యాగన్ అది. నిన్న సాయంత్రం తిన్నగా ఉన్న దాని పక్కగోడలు పొద్దున్నకల్లా పళ్ళూడిన మనిషి బుగ్గల్లా లోపలికి పోయాయి. వేలితో తాకి చూసింది. మెత్తగా ఉంది. పైకప్పు అంచు నుంచి జిగురు వాసన ముక్కుకు కొట్టింది.

ఆ జిగురు పోసింది తనే.

వెనకగదిలో తమ్ముడు చొక్కా మార్చుకుంటున్నాడు. ఇప్పటికే ఒకటి వేసుకుని విప్పేశాడు. ఇంకోటి కూడా విప్పాడంటే ఇవాళ ఇక బయటికి రాడని అక్కకు తెలుసు.

తమ్ముడు ఒక యంత్రాల కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఒకరోజు తను గీసినదాని గురించి నలుగురి ముందూ లేచి చెప్పాల్సి వచ్చింది. నోరు పెగల్లేదు. కాగితాలు బల్లమీదే వదిలేసి అక్క ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ గడప దాటలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూసి చూసి బావ ఒకనాడు ఎక్కడో చవగ్గా అమ్ముతున్న, ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ వ్యాగన్ కిట్లు తెచ్చి మంచం మీద పడేశాడు. "ఆ గోడ ఎక్కడికీ పోదు గానీ, కాసేపు ఇవి చూడు" అన్నాడు.

చవక కిట్టు చవక కిట్టే. ముక్కల అంచులకు అంటుకున్న ప్లాస్టిక్ పొట్టు, వంకర తిరిగే చక్రాలు, అన్నింటి మీదా ఒకటే నంబరు. తమ్ముడు పొట్టంతా బ్లేడుతో గీకాడు. చక్రాలు పీకి ఇనపవి వేశాడు. నంబర్లు చెరిపి సన్నటి కుంచెతో దేనిది దానికి రాశాడు. స్టేప్లర్ పిన్నులు వంచి తలుపులకు పిడులు పెట్టాడు. నీళ్ళలా పలచన చేసిన రంగుతో తుప్పు పూశాడు. ఒకదాని మీద సుద్దపొడి రుద్ది, అప్పుడే సిమెంటు దించి వచ్చిన బండిలా చేశాడు. మంచం మీది మనిషి బల్ల దగ్గరికి వచ్చాడు. అక్కకు అదే పదివేలు.

బావకు తెలిసిన పళ్ళ డాక్టరు ఒకాయన రైలు బొమ్మల క్లబ్బుకు పెద్ద. ఫొటోలు చూసి ప్రదర్శనకు పిలిచాడు. "వ్యాగన్లు పంపి ఊరుకుంటే కుదరదు. చేసిన మనిషి దగ్గరుండాలి" అని కబురు చేశాడు. తమ్ముడు తల ఊపాడు. ఆ తల ఊపు ఎక్కడ వెనక్కి పోతుందోనని అక్క ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టుకుని తిరిగింది.

క్లబ్బు పట్టాల మీదికి ఎక్కే ప్రతి వ్యాగన్‌నూ డాక్టరు తూకం వేస్తాడు. తేలిక వ్యాగన్ మలుపులో పడిపోతే తనతో పాటు రైలు మొత్తాన్నీ పడేస్తుంది. చవక వ్యాగన్లేమో ఊదితే ఎగిరిపోతాయి. అందుకని లోపల ఇనప నట్లు అతికించాలి. ఆ ఒక్క పనీ తమ్ముడు అక్కకు ఇచ్చాడు. "నట్టుకు ఒక్క చుక్క జిగురు. అంతే. ఎక్కువొద్దు" అన్నాడు. ఒక్క చుక్కతో ఏం ఆగుతుందనుకుంది అక్క. నలుగురి ముందూ నట్టు ఊడి గలగలమంటే వాడి మొహం ఏమవుతుంది? అందుకని ధారగా పోసింది. తడి ఆరకముందే పైకప్పులు పెట్టేసి, సందు లేకుండా అతికించింది. ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయింది కూడా.

కారు తాళాలు తిప్పుకుంటూ వచ్చిన బావకు వ్యాగన్ చూపించింది.

"ఒకటే కదా. అలమరలో పడేసి పద" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "చూశాడంటే చొక్కా విప్పి పడుకుంటాడు."

"మిగతావీ నేనే అతికించానండీ. అక్కడికెళ్ళాక అందరి ముందూ ఇలా అయితే?"

"ఎంత పోశావేంటి?"

అక్క వ్యాగన్‌ని అటూ ఇటూ తిప్పింది.

"మొక్కలకి నీళ్ళు పోసినట్టు పోసుంటావు" అన్నాడు బావ.

వెనక తలుపు చప్పుడైంది. తమ్ముడు వచ్చి అక్క చేతిలోని వ్యాగన్ చూశాడు. దాచడానికి వ్యవధి లేకపోయింది.

"నేనేరా" అంది అక్క. "ఎక్కువ పోశాను."

అతను వ్యాగన్ తీసుకుని వాసన చూశాడు. మిగతావాటిని ఒక్కొక్కటే తీసి గోడలు తడిమాడు. గదిలోకి వెళ్ళిపోయాడు. బావ తాళాలు జేబులో వేసుకున్నాడు. అయిపోయింది, అనుకుంది అక్క. కుర్చీ అంచున కూలబడి, గదిలోంచి మంచం చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించింది.

వినిపించింది సొరుగు చప్పుడు. తమ్ముడు చేత్తో తిప్పే బుల్లి డ్రిల్లుతో తిరిగి వచ్చాడు.

"పట్టుకో అక్కా. వెల్లకిలా. గోడలు నొక్కకు."

"ఏం చేస్తావురా?"

"ఈ జిగురు ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది. నువ్వు దాని ఆవిరిని లోపల పెట్టి మూతేశావు. అది పోయే దారి లేక గోడల్నే తింటోంది."

అడుగున చక్రాల నడుమ చిల్లులు వేయడం మొదలుపెట్టాడు. అక్క పట్టుకుంది. తన వేళ్ళు వణికితే డ్రిల్లు జారుతుందని మోచేతులు బల్లకు ఆనించింది.

"గార్డుగారూ, టైమైంది" అన్నాడు బావ గుమ్మంలోంచి.

"గూడ్సే కదా బావా. ఆలస్యంగా వస్తే ఎవరేమంటారు?"

అక్కకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే ఆ మాట బెదిరి వెనక్కి పోతుందేమోనని భయం.

"పాడైనదానికి ఇంకాస్త తుప్పు పూస్తే సరి" అన్నాడు బావ ధైర్యం వచ్చి. "ప్రమాదంలో దెబ్బతిందని చెప్పొచ్చు."

"దెబ్బ ఒక పక్క తగులుతుంది బావా. ఇటూ అటూ ఒకేసారి పీక్కుపోయిన వ్యాగన్‌ని ఎక్కడైనా చూశావా?"

దాన్ని బల్లమీదే వదిలి బయల్దేరారు.

హాలు నిండా జనం. తమ్ముడి చొక్కా వీపున తడిసిపోవడం అక్క వెనకనుంచి చూసింది. పళ్ళ డాక్టరు బల్లమీద చిన్న త్రాసు, నోట్లో పెట్టి చూసే అద్దం ఉన్నాయి. ఒక్కో వ్యాగన్ తూచి, అద్దంతో చక్రాలు చూసి పక్కన పెడుతున్నాడు. మధ్యలో ఒకదాన్ని తిరగేసి ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తొంగి చూశారు.

"కింద ఈ పుచ్చులేంటయ్యా?"

అందరూ తమ్ముడి వైపు తిరిగారు. అతనికి మాట రాలేదు. అక్క అడుగు ముందుకు వేసింది. జవాబు ఆవిడ నాలుక చివరే ఉంది. బావ మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఆవిరి..." అన్నాడు తమ్ముడు. దగ్గాడు. "ఆవిరి పోవడానికండీ. జిగురెక్కువైంది."

"ఎవరు పోశారు?"

"మా అక్క. నా మీద ప్రేమ కొద్దీ పోసింది."

అందరూ నవ్వారు. అక్క మొహం వేడెక్కింది. కళ్ళద్దాల మనిషి ఒకాయన ఆ చిల్లులు ఎంత లావో అడిగాడు. తమ్ముడు వ్యాగన్ తిరగేసి చూపించాడు. నాలుగు మాటలే చెప్పాడు, అవీ వ్యాగన్‌ వైపు చూస్తూ. కానీ చెప్పాడు.

డాక్టరు ఒక వ్యాగన్‌ను వేలితో నొక్కి, "ఇది ఇంకా మెత్తగానే ఉంది. ఆస్పత్రిలో ఉండనీ" అంటూ బల్లకింది ఖాళీ చెప్పుల డబ్బాలో పెట్టాడు. మిగతావి పట్టాలెక్కాయి. మొదటి మలుపు తిరిగాయి. అందరూ రైలు చూస్తుంటే అక్క గోడలు చూసింది. సొట్ట పడుతోందా, నీడా? రెప్ప వేస్తే ఆ లోపలే ఏదైనా జరిగేలా ఉంది.

తమ్ముడు పక్కకు వచ్చాడు. "నువ్వెళ్ళక్కా. నువ్వలా చూస్తుంటే మంచివి కూడా పడిపోయేలా ఉన్నాయి."

"మరి నువ్వు?"

"ఉంటాను. సాయంత్రం రా." నమ్మకంగా అన్నాడో, పంపేయడానికి అన్నాడో ఆవిడకు తెలియలేదు.

బయట మెట్ల దగ్గరికి బావ కారు తెచ్చాడు. "ఎక్కవే."

"మీరు వెళ్ళిరండి. నేను కాసేపు ఇక్కడుంటాను."

"లోపల ఉండొద్దన్నాడుగా వాడు."

"లోపల లేనుగా" అంటూ మెట్టు మీద కూర్చుంది. అక్కడికి పట్టాలు కనిపించవు. సన్నగా చక్రాల చప్పుడు మాత్రం వస్తోంది. ఉన్నట్టుండి అది ఆగింది. అక్క చప్పున లేచి తలుపు మీద చెయ్యి వేసింది. లోపల ఎవరో ఏదో అడిగారు. తమ్ముడి గొంతు బదులు చెప్పింది. చప్పుడు మళ్ళీ మొదలైంది. అక్క చెయ్యి తీసేసి వెనక్కి వచ్చి కూర్చుంది.