పెర్లా పేరు కింద రాళ్ళు

ఆ సోమవారం పొద్దున, బ్యునోస్ ఐరెస్‌లోని మా ప్రభుత్వాసుపత్రి మెట్ల దగ్గరున్న పలక మీద తారు కనిపించింది. మిలిటరీ పాలనలో ఎత్తుకుపోయిన మా తొమ్మిదిమంది పనివాళ్ళ పేర్లున్న పలక అది. శవాలైనా దొరకలేదు. తారు పూసింది నర్సు పెర్లా స్వెర్‌డ్లిక్ పేరు మీదే. కింద "యూదులకి ఇక్కడ చోటు లేదు" అని రాశారు.

ఆమె తమ్ముడు నౌమ్ గారికి ఎనభై దాటాయి. అక్కని పట్టుకుపోయిన తేదీన ఏటా వస్తారు. పలక చూసి అలాగే నిలబడిపోయారు. తర్వాత జేబులోంచి గులకరాయి తీసి పలక కింది గట్టు మీద పెట్టారు.

"మేం యూదులం సమాధి మీద పూలు పెట్టం రమోనా, రాయి పెడతాం. అక్కకి ఉన్న సమాధి ఇదే."

పదకొండేళ్ళుగా ఈ మెట్లు ఊడుస్తూ ఆ రాయిని చెత్తలో పారేస్తున్నది నేనే.

"నేనే ఊడ్చేశాను పెద్దాయనా..."

"తెలుసమ్మా. అందుకే ఏటా కొత్తది తెస్తున్నా."

డైరెక్టరుగారు తేలిగ్గా తేల్చేశాడు. "ఆకతాయి పని. రేపు పలక పీకి స్టోరు గదిలో పడేయండి."

మధ్యాహ్నం వంటగదిలో యూనియన్ మీటింగు. కార్యదర్శి ఎవారిస్తో నసిగాడు. "పనిగంటల పోరాటంలో ఉన్నాం. ఈ యూదుల గొడవ నెత్తికెత్తుకుంటే మనవాళ్ళు చీలిపోతారు."

నాకు ఒళ్ళు మండింది. "ఎనిమిది పేర్లు మనవి, తొమ్మిదోది వాళ్ళదా? మన కరపత్రాలు దాచిందనే కదయ్యా పట్టుకెళ్ళారు! యూదురాలని రెండింతలు కొట్టారు కూడా!"

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?" అంది లాండ్రీలో పనిచేసే డెల్ఫీనా. "వాళ్ళ మీద జోకులేస్తే పొట్ట పట్టుకుని నవ్వేదానివి!"

"నవ్వానే. ఆ నవ్వులు చూసుకునే కదా వాడెవడో తారు డబ్బా తెచ్చాడు."

నౌమ్ గారి రాయి సంగతి చెప్పేసరికి, "రేపు నేనూ ఒకటి తెస్తా," అంది డెల్ఫీనా.

మర్నాడు పలక పీకే మనిషి వచ్చేసరికి మెట్లనిండా మేమే. ఒక్కొక్కరం ఒక్కో రాయి పెట్టాం. చివర్లో ఎవారిస్తో తలొంచుకుని వచ్చాడు, చేతిలో ఇటుక ముక్కతో. డైరెక్టరు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఊడ్చెయ్ రమోనా."

"ఊడ్వను."

చీపురు కింద పడేశాను. నన్ను వ్యానులోకి తోస్తుంటే వెనక డెల్ఫీనా అరుస్తోంది: "ఇంకెవరు పట్టుకుంటారో పట్టుకోండి ఆ చీపురు, చూస్తాం!"

ఎవరూ పట్టుకోలేదు. మూడో రోజు నన్ను వదిలారు. పలక అక్కడే ఉంది. తారు గోకి పెర్లా పేరు పైకి తెచ్చాం, కానీ నౌమ్ గారు అది చూడలేదు. ఆ చలికాలంలోనే పోయారు.

ఈ ఏడు ఆ తేదీకి రాయి నేనే తెచ్చాను.